తెలిసిన కథే, చెప్పడం ఆలస్యమైంది

2001 సెప్టెంబరు 26, బుధవారం రాత్రి. న్యూయార్క్‌లో జంట భవనాలు కూలి సరిగ్గా పదిహేను రోజులు. అమెరికాలో మాలాంటివాళ్ళం చాలామందిమి ఆ రోజుల్లో చీకటి పడకముందే ఇల్లు చేరేవాళ్ళం. పెట్రోలు బంకులో ఎవరైనా ఎగాదిగా చూస్తే గుండె ఝల్లుమనేది. ఆ రాత్రి మాత్రం ముగ్గురు స్నేహితులం పప్పన్నం, ఆవకాయ కంచాల్లో పెట్టుకుని టీవీ ముందు చేరాం. యూపీఎన్ ఛానెల్లో కొత్త స్టార్ ట్రెక్ మొదలవుతోంది. పేరు ‘ఎంటర్‌ప్రైజ్’. మొదటి రెండేళ్ళూ పేరులో ‘స్టార్ ట్రెక్’ అన్న మాటే లేదు. మూడో ఏట తగిలించారు.

మేమెందుకంత ఎదురుచూశామో చెప్పాలి. 1966లో మొదలైన అసలు సీరియల్‌లో, ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగానే, ఓడ నడిపేవాళ్ళలో ఒక నల్లజాతి మహిళ, ఒక జపాన్ మూలాలవాడు ఉన్నారు. రెండో ఏడాదికి ఒక రష్యన్ కూడా వచ్చాడు. వీళ్ళందరి పక్కన వల్కన్ గ్రహపు స్పాక్. అంటే మనుషులు తమలో తాము కొట్టుకోవడం మానేసి, ఇతర గ్రహాలవాళ్ళతో కలిసి ఫెడరేషన్ కట్టుకున్నారన్నమాట. ఎలా కట్టుకున్నారు? దానికి ఎవరూ తిన్నగా జవాబు చెప్పలేదు. ఆ జవాబు చెప్తామనే కొత్త సీరియల్ వచ్చింది. కథాకాలం 2151, కెప్టెన్ కర్క్‌కి వందేళ్ళ ముందు. 2161లో ఫెడరేషన్ పుడుతుందని అభిమానులకు ముందే తెలుసు. మధ్యలో రోమ్యులన్లతో పెద్ద యుద్ధం జరిగిందనీ 1966 నాటి ఎపిసోడ్‌లోనే విన్నారు.

ముగింపు ముందే తెలిసిన కథను ఎందుకు చూడాలి అని అడిగితే తెలుగువాడు నవ్వుతాడు. ‘మాయాబజార్’ చూసే ప్రతివాడికీ కురుక్షేత్రం రాబోతోందని తెలుసు. 1957లో కె.వి. రెడ్డి ఆ సినిమా తీసినప్పుడు పాండవుల్ని తెరమీదకే తీసుకురాలేదు. అయినా ఎవరూ లేచిపోలేదు. తెలిసిన కథలో ‘ఏం జరిగింది’ కన్నా ‘ఎలా జరిగింది’ అన్నదే రుచి. ప్రీక్వెల్‌కి ఉన్న ఆస్తల్లా అదే.

‘ఎంటర్‌ప్రైజ్’ ఆ ఆస్తిని మొదటి రెండేళ్ళూ ముట్టుకోలేదు.

అభిమానులు అప్పట్లో చేసిన ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. వాద్య సంగీతం ఉండాల్సిన చోట పాట పెట్టారు, అదీ ‘పాచ్ ఆడమ్స్’ సినిమాకి రాసిన పాత పాట. నటీనటులు ఒంటికి జెల్ రాసుకునే సన్నివేశాలు ఊరికే కళ్ళు తిప్పుకోవడానికి తీసినట్టున్నాయి. తర్వాతి శతాబ్దాల్లో ఎదురుపడాల్సిన ఫెరంగీలు, బోర్గ్‌లు ఇక్కడే దర్శనమిచ్చారు. వల్కన్లు ఆశ్రమం చాటున గూఢచర్యం చేస్తూ, అబద్ధాలాడుతూ కనిపించారు. స్పాక్ జాతి ఇదేనా అని చాలామంది మొహం మాడ్చుకున్నారు.

ఇవన్నీ నిజమే. కానీ నన్ను బాధపెట్టింది వేరు. మొదటి ఎపిసోడ్ నుంచే ‘కాలాల ప్రచ్ఛన్న యుద్ధం’ అని ఒకటి పెట్టారు. భవిష్యత్తు నుంచి ఎవరో వచ్చి 22వ శతాబ్దపు సంఘటనల్ని తిప్పుతుంటారు. కారణాలు వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళిన కథలో, కారణాలు మళ్ళీ ముందుకాలంలోనే ఉన్నాయంటే ఇక వెనక్కి వెళ్ళడం దేనికి? సృష్టికర్తలు రిక్ బెర్మన్, బ్రానన్ బ్రాగా మొదటి ఏడాదిలో చాలాభాగం భూమ్మీదే నడపాలనుకున్నారనీ, పైవాళ్ళు ఒప్పుకోలేదనీ తర్వాత చెప్పారు. ఆ భూమి కథే వచ్చుంటే!

మొదటి రాత్రి సుమారు 1.25 కోట్ల మంది చూశారు. నాలుగో ఏటికి ఆ సంఖ్య 30 లక్షల దరికి పడిపోయింది.

మూడో ఏడాది కథ మారింది. జిండీలు భూమ్మీద దాడి చేసి 70 లక్షల మందిని చంపుతారు. కెప్టెన్ ఆర్చర్ ఓ బందీని గాలి తీసేసే గదిలో నిలబెట్టి నిజం కక్కిస్తాడు. ఆ ఎపిసోడ్ అయ్యాక మా ముగ్గురిలో ఒకడు, “బయట వార్తల్లో చూసేదే ఇక్కడా చూడాలా?” అని లేచిపోయాడు. మళ్ళీ రాలేదు. నేను ఉండిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఏడాది కథకి ఓ నిజాయితీ ఉందనిపిస్తుంది. మంచివాడు భయంలో ఏం చేస్తాడో దాచలేదు.

నాలుగో ఏడాది మానీ కోటో పగ్గాలు అందుకున్నాడు. అప్పుడు మొదలైంది అసలు ప్రీక్వెల్. వల్కన్లు దారి తప్పడానికి కారణం చెప్పి, వాళ్ళ గురువు సురాక్ బోధనలు తిరిగి దొరకబుచ్చుకుని, వాళ్ళని స్పాక్ వైపు మళ్ళించారు. బద్ధశత్రువులైన వల్కన్లు, ఆండోరియన్లు, టెల్లరైట్లను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పాత సీరియల్‌లో క్లింగన్లకి నుదుటి గట్లు ఎందుకు లేవో కూడా చెప్పారు. అసలు కారణం అప్పటి మేకప్ ఖర్చే అనుకోండి.

కానీ 2005 ఫిబ్రవరిలోనే రద్దు ప్రకటన వచ్చేసింది. మే 13న చివరి రెండు ఎపిసోడ్లు ఒకే రాత్రి వేశారు. మొదటి దాంట్లో, గ్రహాంతరవాసులు భూమి వదిలి పోవాలనే మనుషుల ముఠా ఒకటి ఉంటుంది. మనిషికీ వల్కన్‌కీ పుట్టిన పసిపాపను చూపించి జనాన్ని భయపెడతారు. ఆ పాప చనిపోతుంది. 2001 సెప్టెంబరులో కంచం పట్టుకుని నేను ఎదురుచూసిన కథ ఇదే. “మీ ఊరికి పొండి” అనే మనుషులు ఎలా మారారన్న కథ. నాలుగేళ్ళు ఆలస్యంగా, ఒక్క గంట మిగిలుండగా వచ్చింది.

ఆ మిగిలిన గంటేం చేశారు? రెండు శతాబ్దాల తర్వాతి రైకర్ హోలోడెక్‌లో కూర్చుని ఈ ఓడ కథ చూస్తున్నట్టు తీశారు. ఫెడరేషన్‌కి నాంది పలికే సభలో ఆర్చర్ ఉపన్యాసానికి లేస్తాడు. అతను నోరు తెరిచేలోపు రైకర్ ఆ కార్యక్రమం ఆపించి వెళ్ళిపోతాడు. ఆ ఉపన్యాసం మేం వినలేదు. మొదలూ చివరా రెండూ భవిష్యత్తుకే అప్పగించేశారు. ఆ తర్వాత టీవీలో కొత్త స్టార్ ట్రెక్ కోసం 2017 దాకా, పన్నెండేళ్ళు ఆగాల్సి వచ్చింది.

మొన్నామధ్య మా అబ్బాయితో కలిసి మళ్ళీ చూశాను. ఇక్కడే పుట్టినవాడు. నాలుగో ఏడాది నుంచే మొదలుపెట్టాం. పాప చనిపోయిన ఎపిసోడ్ అయ్యాక, “తర్వాతది కూడా ఉంది కదా నాన్నా?” అన్నాడు. ఉంది గానీ రేపు చూద్దాంలే అని టీవీ కట్టేశాను. ఆ రేపు ఇంకా రాలేదు.