సింగరేణి బొగ్గు: పుట్టుకలోనే ఉన్న లెక్క

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 1851లో ఏర్పడినప్పుడు దాని ముందున్న ప్రధానమైన పని బొగ్గు జాడ తీయడం. ఆవిరి ఓడలకూ, త్వరలో రాబోతున్న రైళ్లకూ ఇంధనం కావాలి. ఆ సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889లో ఉత్పత్తి మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. బొగ్గు ఎక్కడుంది, ఎంతుంది అన్న రెండు ప్రశ్నలే ఈ చరిత్రనంతా నడిపించాయి. తవ్వితే ఏమవుతుందన్న మూడో ప్రశ్న వెనకబడింది. నిజానికి దానికి జవాబు కూడా బొగ్గు పుట్టుకలోనే దొరుకుతుంది.

సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందట మన నేల గోండ్వానా మహాఖండంలో భాగం. నేటి గోదావరి లోయ వెంట కుంగుతూ వచ్చిన పల్లంలో గ్లోసాప్టెరిస్ జాతి చెట్లు పెరిగి, కూలి, బురదలో పూడుకుపోయి బొగ్గయ్యాయి. వాటితోపాటు నదులు మోసుకొచ్చిన ఒండ్రు కూడా కలిసింది. అందుకే మన బొగ్గులో బూడిద తరచు 30 శాతం దాటుతుంది. థర్మల్ కేంద్రాల పక్కన బూడిద చెరువులు పెరగడానికి మూలం అదే. బొగ్గు పొరలతో కలిసి ఉన్న ఇసుకరాయి నీటిని నిల్వ చేసుకుంటుంది. గని నడవాలంటే ఆ నీటిని తోడక తప్పదు, తోడితే చుట్టుపక్కల బావుల్లో మట్టం పడిపోతుంది. ఇక ఆ చెట్లు గాలి నుంచి తీసుకున్న కార్బన్‌ను మనం నూటయాభై ఏళ్లలోపే తిరిగి గాలిలో కలుపుతున్నాం.

బొగ్గు బాయి లక్షల కుటుంబాలకు అన్నం పెట్టింది, పొలాలకు కరెంటు ఇచ్చింది, పైగా పాశ్చాత్య దేశాలు మనకంటే ఎంతో ఎక్కువ కాల్చాయి కదా అంటారు. అన్నీ నిజాలే. వాతావరణ బాధ్యత పంచేటప్పుడు ఆ వాదనకు బలముంది. అయితే పక్క ఊరి బావి ఎండితే పాశ్చాత్యుల పాపం దాన్ని నింపదు. కార్మికుడి రుణం తీర్చాలన్నా అతని పిల్లలు బతికే నేల మిగలాలి. ఓపెన్ కాస్ట్ గనికి అనుమతి ఇచ్చే ముందే నీరు, బూడిద, పూడ్చివేతల లెక్కను నిల్వల లెక్కతోపాటు ఊరి ముందు తెలుగులో పెట్టాలి. ఆ లెక్క చూపమని అడగడం గని పక్కన బతికే ప్రతి ఊరి హక్కు.