ఉప్పునేల క్రింది రెండు నీళ్లు

దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున, ఆండీస్ పర్వతములకు పడమట, సముద్రమట్టమునకు సుమారు 2,300 మీటర్ల ఎత్తున అటకామా ఉప్పుమైదానము కలదు. దాని వైశాల్యము సుమారు 3,000 చదరపు కిలోమీటర్లు. అక్కడ వాన చాల అరుదు. అయినను మైదానపు అంచులలో మడుగులు నిలిచియుండును. వాటిలో ఫ్లెమింగో పక్షులు మేయుచుండును. వానలేని చోటికి ఈ నీరెట్లు వచ్చినది?

ఈ ప్రశ్నకు వలసిన మూలసూత్రము ఎడారిలో గాక, ఐరోపా సముద్రతీరమున దొరికినది. 1888-89లో హాలెండు సైనిక ఇంజనీరు బాడన్ గైబెన్, 1901లో జర్మను ఇంజనీరు హెర్జ్‌బెర్గ్ వేర్వేరుగా ఒకే విషయమును గుర్తించిరి. తీరపు ఇసుకనేలలో ఇంకిన వాననీరు, తనకన్న బరువైన సముద్రపు నీటిపై తేలుచుండును. మంచినీటి సాంద్రత 1, సముద్రపు నీటి సాంద్రత 1.025. మొదటిదానిని రెండింటి భేదముచే భాగించిన 40 వచ్చును. అనగా మంచినీటిమట్టము సముద్రమట్టమునకు 1 మీటరు పైన ఉన్నచో, ఆ మట్టమునకు దిగువ 40 మీటర్ల వరకు మంచినీరే ఉండును. ఇది నీరు కదలదనుకొని కట్టిన లెక్క. ప్రవహించు నీటి విషయమున ఈ లెక్క ఎట్లు మారునో 1940లో అమెరికా శాస్త్రజ్ఞుడు హబ్బర్టు చూపెను.

అటకామాలో సముద్రమునకు బదులు ఎండకు చిక్కబడిన ఉప్పునీరున్నది. కొండల నుండి వచ్చిన నీరు బయటకు పోవు దారి లేక, తరతరములుగా అక్కడనే ఆవిరియగుటచే, మిగిలిన నీటి సాంద్రత సుమారు 1.2 అయినది. ఇప్పుడు పై లెక్కలో 40కి బదులు 5 మాత్రమే వచ్చును. కొండల నుండి నేలక్రింద దిగివచ్చు మంచినీరు ఈ బరువైన నీటిని త్రోసికొని పోజాలక, దానిపై ఎగబ్రాకి అంచున బయటపడును. అవియే మడుగులు. అక్కడ ఆవిరియై చిక్కబడిన నీరు మరల క్రిందికి ఇంకి ఉప్పునీటిలో కలియును.

1984 నుండి ఈ ఉప్పునీటిని తోడి, మడులలో ఎండబెట్టి, బాటరీలకు కావలసిన లిథియము తీయుచున్నారు. ఉప్పునీటిమట్టము తగ్గినచో రెండు నీళ్ల సరిహద్దు జరుగవచ్చును. మంచినీటిని తోడినను అంతే. ఇక్కడికి చేరు మంచినీటిలో సగమునకు పైగా 60 ఏండ్లు దాటిన పాతనీరని 2022లో వెలువడిన పరిశోధన తెల్పినది. కనుక నేడు చేసిన పని ఫలితము రేపే కనబడదు. ఉప్పునీటిని ఖనిజమనియు, మంచినీటిని నీరనియు మనుష్యులు వేరుచేయవచ్చును. నేలక్రింద మాత్రము ఒకటి కదిలిన రెండవది కదలక మానదు.