రాజీకీ రక్షణకూ మధ్య: విశ్వవిద్యాలయాలలో బాధితుల తోడ్పాటు వృత్తి - కడప జిల్లా నేపథ్యం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలలో ‘కౌన్సిలర్’ అనగానే ముందుగా స్ఫురించేది వార్డు ప్రతినిధి. ఆంగ్లంలో వేర్వేరుగా రాసే రెండు మాటలు తెలుగు లిపిలో ఒకటైపోయాయి. ప్రొద్దుటూరు పురపాలక సంఘం 1915లో ఏర్పడింది కనుక మొదటి అర్థానికి ఇక్కడ దీర్ఘకాలపు నేపథ్యం ఉంది. హింసకు గురైన వ్యక్తి మాట విని, కోలుకొనేవరకు తోడు నిలిచే నిపుణులనే రెండో అర్థం విద్యాసంస్థల నిబంధనల ద్వారా ఇటీవల వచ్చి చేరింది. ఈ రెండో అర్థం ఎలా రూపుదిద్దుకొన్నదో, ఈ ప్రాంత సంస్కృతిలో దాని ఆవశ్యకత ఏమిటో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

జిల్లాను ముఠాకక్షలతోనే గుర్తించడం సమంజసం కాదు. అయినా హింసను గురించి మాట్లాడే పదజాలంపై వాటి ప్రభావం కాదనలేనిది. వర్గం, కక్ష, సాక్షి, పంచాయితీ, రాజీ అనే మాటలను కలిపి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. వినేవారికి ఒక పక్షమైనా ఉంటుంది, తగవును ముగించాలన్న తొందరైనా ఉంటుంది. దుఃఖాన్ని దుఃఖంగా వినే సందర్భం పరామర్శ. అయితే అది బంధుమిత్రులు నలుగురి ఎదుట జరిపేది. ‘ఓదార్పు’ అనే మాటకు 2010 నాటి యాత్ర తరువాత రాజకీయార్థం కూడా తోడైంది. లైంగిక వేధింపు వంటి విషయంలో బాధితురాలికి ఈ పద్ధతులేవీ అక్కరకు రావు. బయటికి చెప్పడమే పరువు తక్కువనే భయం ఆమెను ఆపుతుంది. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి క్యాంబెల్ ఆస్పత్రి పందొమ్మిదో శతాబ్ది చివరి నుండి దేహానికి వైద్యం చేస్తూ వచ్చింది. మనసుకు తగిలిన గాయాన్ని వృత్తిధర్మంగా పట్టించుకొనే ఏర్పాటుకు మరో వందేళ్లు పట్టింది.

ఈ మార్పుకు ఉన్నత విద్యావిస్తరణ నేపథ్యం. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1977లో కడపలో దాని స్నాతకోత్తర కేంద్రం ఏర్పడ్డాయి. ఆ కేంద్రమే 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. అదే ఏడాది పులివెందులలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల మొదలైంది. తరువాత ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. ఊరికీ ఇంటికీ దూరంగా హాస్టళ్లలో ఉండి చదివే అమ్మాయిల యోగక్షేమం దీనితో సంస్థల బాధ్యత అయింది.

చట్టపరమైన చరిత్ర 1997తో మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ఆ ఏడాదిదే. అదే ఏడాది ఆగస్టు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు ఫిర్యాదుల కమిటీతో పాటు, అవసరమైన చోట ప్రత్యేక కౌన్సిలర్‌ను, గోప్యతను కూడా పేర్కొన్నది. విచారించే వారు వేరు, ఆదుకొనే వారు వేరు అనే భావనకు ఇది బీజం. 2009 నాటి యు.జి.సి. ర్యాగింగ్ నిరోధక నిబంధనలు కొత్త విద్యార్థులకు వృత్తి నిపుణులైన కౌన్సిలర్ల సాయం అందాలన్నాయి.

2013 డిసెంబరు 9న అమలులోకి వచ్చిన పని ప్రదేశాలలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం కమిటీ నిర్మాణాన్ని వివరంగా నిర్దేశించింది. విచారణకు 90 రోజుల గడువు పెట్టింది. పరిహారం లెక్కించేటప్పుడు మానసిక వేదననూ, మానసిక చికిత్స ఖర్చునూ గణించాలన్నది. అయితే పదో సెక్షన్‌లో, బాధితురాలు కోరితే విచారణకు ముందే రాజీకి అవకాశం కల్పించింది. డబ్బు మాత్రం ఆ రాజీకి ప్రాతిపదిక కారాదన్నది. ఈ రాజీ అవకాశాన్ని అదే ఏడాది జనవరిలో జస్టిస్ వర్మ కమిటీ విమర్శించింది. అదే కాలంలో యు.జి.సి. నియమించిన కార్యదళం ‘సక్షమ్’ నివేదిక ఇచ్చింది. దాని వెనుకే వచ్చిన 2015 నిబంధనలు కౌన్సిలింగ్‌ను సంస్థాగతం చేయాలనీ, శిక్షణ పొందిన పూర్తికాల కౌన్సిలర్లు ఉండాలనీ చెప్పాయి. ఉపకులపతి, రిజిస్ట్రారు వంటి ఉన్నత పాలనాధికారులు ఫిర్యాదుల కమిటీలో ఉండరాదన్నాయి.

ఇక్కడ రెండు విధుల తేడాను గుర్తించాలి. కమిటీ ఉభయపక్షాలనూ వినాలి, ఫిర్యాదు ప్రతిని ఎదుటివారికి అందజేయాలి, నిజానిజాలు తేల్చాలి. కౌన్సిలర్‌కు ఆ తీర్పరితనం లేదు. బాధితురాలు జరిగినదాన్ని వరుసగా చెప్పలేకపోతే, ఒకచోట ఆగిపోతే, విచారణలో అది లోపంగా కనబడవచ్చు. కౌన్సిలర్ దాన్ని ఆఘాత లక్షణంగా గుర్తించగలరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని ఈ పనిని మూడు మాటల్లో చెప్పింది: చూడటం, వినడం, తగిన సాయంతో కలపడం. 2015లో మొదలైన సఖి కేంద్రాలు, 2022లో మొదలైన టెలి మానస్ 14416 సేవ అలా కలపదగిన చోట్లు. అధ్యాపకురాలే వార్డెనూ, కమిటీ సభ్యురాలూ, సలహాదారూ అయినచోట ఈ విధులు కలగాపులగమవుతాయి. ఊరివారూ బంధువులూ ఒకరికొకరు తెలిసిన చిన్న పట్టణాలలో అది గోప్యతకే ముప్పు.

చట్టం రాజీని బాధితురాలి కోరికకు వదిలింది. కానీ పెద్దమనుషుల పంచాయితీకి అలవాటుపడిన చోట, ఆమె తరఫున ‘కోరే’ వారు చాలామంది ఉంటారు. తండ్రి కోరవచ్చు, మేనమామ కోరవచ్చు, కళాశాల పరువు కోసం మరొకరు కోరవచ్చు. ఆ కోరిక నిజంగా ఆమెదేనా అని ఒంటరిగా కూర్చోబెట్టి, ఏ ఫలితాన్నీ ఆశించకుండా అడగగలిగే స్థానం పక్షం లేని కౌన్సిలర్‌ది. ఆ స్థానం ఖాళీగా ఉన్నప్పుడు చట్టంలోని రాజీ, ఊరి రాజీగా మారిపోయే ప్రమాదం ఉంది. ఈ వృత్తికి తెలుగులో ఇంకా స్థిరమైన పేరు ఏర్పడకపోవడం పరిభాషా సమస్య మాత్రమే కాదు. పేరు లేని స్థానాన్ని భర్తీ చేయమని అడగడం కష్టం. జమ్మలమడుగు పల్లె నుండి వచ్చిన విద్యార్థిని తన యాసలోనే చెప్పుకోగల, తనకు అర్థమయ్యే మాటను నిలబెట్టడంలో తెలుగు శాఖలకూ బాధ్యత ఉంది.