డేటా రక్షణ చట్టం: ఒడిశాలో ఉన్న మనం నోటీసు తెలుగులో అడగవచ్చా?

కొత్త సిమ్ తీసుకోవడానికి వెళ్తాం. బ్యాంకు ఖాతా తెరవడానికో, పిల్లవాడి ఫీజు ఆన్‌లైన్‌లో కట్టడానికో, పక్క ఊళ్ళోని ఆసుపత్రిలో పేరు రాయించుకోవడానికో వెళ్తాం. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు "ఇక్కడ వేలు పెట్టండి, ఓటీపీ చెప్పండి" అంటాడు. మనం వేలు పెడతాం, ఓటీపీ చెబుతాం. తెర మీద ఒడియాలోనో ఇంగ్లీషులోనో నాలుగు పేరాలు ఉంటాయి. అది మన సమ్మతి పత్రం. దాని మీద మనమే సంతకం చేసినట్టు లెక్క. అందులో ఏముందో మనకు తెలియదు.

చదవకుండా కాగితం మీద వేలిముద్ర వేయొద్దని మన పెద్దలు చెప్పేవారు. కాగితం పోయి ఫోను వచ్చింది కాని ఆ మాట పాతబడలేదు. కకిరిగుమ్మ, లక్ష్మీపూర్, రాయగడ, కొరాపుట్ వైపు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ విషయంలో ఒక కొత్త చట్టం కొంత పనికొస్తుంది. అదే డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023. అది ఏమిస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది, ఎప్పటి నుంచి అమలవుతుంది అనే మూడు విషయాలు ఇక్కడ చూద్దాం.

చట్టం ఎలా వచ్చింది

ఆధార్‌ను ప్రశ్నిస్తూ కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ కేసులోనే "అసలు గోప్యత ప్రాథమిక హక్కేనా?" అన్న ప్రశ్న తలెత్తింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా అవునని చెప్పింది. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో గోప్యత కూడా భాగమని తీర్పునిచ్చింది. ఆధార్ చట్టాన్ని 2018 సెప్టెంబరు 26న అదే కోర్టు కొన్ని భాగాలు కొట్టివేసి మిగిలినది నిలబెట్టింది. సంక్షేమ పథకాలకు ఆధార్ అడగవచ్చు కాని, బ్యాంకు ఖాతాకు, సిమ్‌కు అది తప్పనిసరి కాదని చెప్పింది.

హక్కు ఉందని కోర్టు చెప్పాక దానికి చట్టం కావాలి. పలు ముసాయిదాల తర్వాత పార్లమెంటు ఆమోదించిన బిల్లుకు 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాన్ని నడిపించే నియమాలు 2025 నవంబరులో వచ్చాయి.

భాష గురించి చట్టం ఏమంటుంది

మనకు అన్నిటికన్నా ముఖ్యమైనది 5వ సెక్షను. మన సమ్మతితో వివరాలు తీసుకునే ఏ సంస్థ అయినా ముందుగా, లేదా సమ్మతి అడిగేటప్పుడే, ఒక నోటీసు ఇవ్వాలి. ఏ వివరాలు తీసుకుంటున్నారు, దేనికోసం, మన హక్కులు ఎలా వాడుకోవాలి, ఫిర్యాదు ఎక్కడ చేయాలి అన్నవి అందులో ఉండాలి. ఆ నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చూసుకునే వీలు కల్పించాలి. సమ్మతి కోరే పత్రానికీ 6వ సెక్షను ఇదే షరతు పెట్టింది.

ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి. తెలుగు, ఒడియా రెండూ 1950లో మొదటి 14 భాషల్లోనే ఉన్నాయి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. చట్టం "ఆ రాష్ట్ర అధికార భాష" అనలేదు, ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాష అయినా అంది. కాబట్టి ఎంపిక మన చేతిలో ఉంటుంది. మనం ఉండేది ఒడిశాలోనా, ఆంధ్రలోనా అన్నదానితో పని లేదు.

ఇది చిన్న తేడా కాదు. సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో, లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఉండాలి. 1954 అధికార భాషా చట్టం ప్రకారం ఒడిశా అధికార భాష ఒడియా. అందువల్ల కొరాపుట్‌లో ఉన్న తెలుగువారు సమాచార హక్కు దరఖాస్తు తెలుగులో పెట్టాలంటే ఆ చట్టం అండగా రాదు. రాజ్యాంగం 350వ అధికరణం కష్టసుఖాల అర్జీలు దేశంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చుకోవచ్చంటుంది, కాని అది అర్జీల వరకే. డేటా చట్టం మాత్రం అవతలి సంస్థే మన భాషలో చెప్పాలంటోంది.

మన ప్రాంతం 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఒడిశా ఏర్పడిన నాడు ఈ ఏజెన్సీ ప్రాంతం అటు వెళ్ళింది. సరిహద్దు మారింది గాని ఇంట్లో భాష మారలేదు. ఈనాడు ఒకే ఇంట్లో తాతకు ఒడియా లిపి రాదు, మనవడికి తెలుగు లిపి రాదు. ఈ చట్టం ప్రకారం తాత తెలుగులో, మనవడు ఒడియాలో అడగవచ్చు.

ఒక సంగతి మరవకూడదు. మన పక్కనే ఉన్న కోంధుల కువి, కుయి భాషలు ఎనిమిదో షెడ్యూలులో లేవు. సంతలో మనమంతా మాట్లాడే దేశియా కూడా లేదు. ఈ కొండల్లో మనకన్నా ముందు నుంచీ ఉన్నవారికి ఈ వీలు లేదు. చదువు రానివారికి నోటీసు చదివి వినిపించాలని కూడా చట్టంలో లేదు. ఇంట్లో చదవగలిగిన పిల్లలే ఆ పని చేయాలి.

సమ్మతి అంటే ఏమిటి

సమ్మతి బలవంతం లేకుండా, తెలిసి, ఒక నిర్దిష్టమైన పనికోసం, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలి. ఆ పనికి అవసరమైన వివరాల వరకే అది చెల్లుతుంది. దీనికి చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఫోనులో డాక్టరు సలహా ఇచ్చే యాప్ ఒకటి మన ఫోనులోని నంబర్ల జాబితా కూడా అడిగింది, మనం సరే అన్నాం. వైద్యానికి ఆ జాబితా అవసరం లేదు. కాబట్టి మనం సరే అన్నా ఆ భాగం చెల్లదు.

నంబర్ల జాబితాతో ఎంత కీడు జరుగుతుందో తెలుగువారికి చేదు అనుభవమే. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అప్పు ఇచ్చేటప్పుడే యాప్ ఫోనులోని నంబర్లన్నీ తీసుకునేది. వాయిదా ఆలస్యమైతే బంధువులకు, స్నేహితులకు ఫోన్లు చేసి పరువు తీసేవారు. పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. తర్వాత 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం అప్పు డబ్బు నేరుగా తీసుకున్నవారి బ్యాంకు ఖాతాలోనే పడాలి. యాప్ మన నంబర్ల జాబితా, కాల్ వివరాలు, ఫైళ్ళు ముట్టకూడదు. ఇది ఇప్పటికే అమల్లో ఉంది. నంబర్ల జాబితా అడిగే లోన్ యాప్ కనిపిస్తే అది నియమాలు మీరుతున్నట్టే.

ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఇవ్వడం ఎంత తేలికో తీసుకోవడం అంత తేలికగా ఉండాలి. వివాదం వస్తే నోటీసు ఇచ్చామని, సమ్మతి తీసుకున్నామని రుజువు చేసుకోవలసింది సంస్థే.

పేరు తప్పు పడితే

మన ఇళ్ళలో ఎక్కువగా వినిపించే ఇబ్బంది పేరుది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఫారం దాన్ని చివర అడుగుతుంది. కొన్ని చోట్ల ఇంటిపేరు ఒక్క అక్షరమై మిగులుతుంది. అప్పలస్వామి ఒక చోట ఒకే పదం, మరో చోట రెండు ముక్కలు. తెలుగు పేరు ఒడియాలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి బ్యాంకులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పిల్లల సర్టిఫికెట్‌లో ఒకలా ఉంటుంది. పేర్లు కలవకపోతే డబ్బు ఆగుతుంది.

సమ్మతి మీద తీసుకున్న వివరాల్లో తప్పుంటే దిద్దించుకునే హక్కు, అసంపూర్ణంగా ఉంటే పూర్తి చేయించుకునే హక్కు 12వ సెక్షను ఇస్తుంది. అవసరం తీరిన వివరాలు తుడిపించుకోవచ్చు. మన గురించి ఏమేం పెట్టుకున్నారో, ఎవరెవరికి ఇచ్చారో అడగవచ్చు. మనకు ఏమైనా అయితే ఈ హక్కులు ఎవరు వాడుకోవాలో ముందే నామినీని పెట్టవచ్చు. 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి నిర్ధారించుకున్నాకే తీసుకోవాలి.

ఆధార్ సవరణలకు మాత్రం వేరే దారి ఉంది. పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోగలం. కాబట్టి మొదటిసారే ఇంటిపేరు పూర్తిగా, ఏ క్రమంలో కావాలో తేల్చుకుని వెళ్ళాలి. ఆధార్ సహాయ నంబరు 1947లో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

చట్టం ఎక్కడ ఆగిపోతుంది

ఇంతవరకు చెప్పినదంతా సమ్మతి మీద నడిచే పనులకు. రాయితీ, లబ్ధి, సర్టిఫికెట్, లైసెన్సు ఇవ్వడానికి ప్రభుత్వం కొన్ని సందర్భాల్లో కొత్తగా సమ్మతి అడగకుండానే వివరాలు వాడుకోవచ్చని 7వ సెక్షను అంటుంది. అలాంటి చోట్ల నోటీసు తెలుగులో కావాలనే హక్కు, 12వ సెక్షను దిద్దుబాటు హక్కు మనకు అందవు. రేషను, పింఛను, కుల ధ్రువపత్రం లాంటి వాటిలో పేరు తప్పు పడితే పాత పద్ధతిలోనే ఆ శాఖ కార్యాలయం చుట్టూ తిరగాలి. మనకు భాష ఇబ్బంది ఎక్కువగా ఎదురయ్యేది అక్కడే. కేంద్రం నోటిఫై చేసే ప్రభుత్వ సంస్థలకు 17వ సెక్షను మొత్తంగానే మినహాయింపు ఇవ్వగలదు.

రెండో లోటు పరిహారం. సమాచారం కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు, నోటీసు లాంటి ఇతర నిబంధనలు తప్పితే 50 కోట్ల వరకు జరిమానా పడవచ్చు. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది, నష్టపోయినవారికి రాదు. 2000 ఐటీ చట్టంలో పరిహారం ఇప్పించే 43ఎ సెక్షనును ఈ చట్టం తీసేస్తోంది.

మూడోది సమాచార హక్కు. వ్యక్తిగత సమాచారం అన్న కారణంతో దరఖాస్తు తిరస్కరించడం ఈ చట్టంతో తేలికైంది. ఇంతకుముందు ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాట ఆ నిబంధనలోనే ఉండేది. ఇప్పుడది లేదు. అయితే 8వ సెక్షను రెండో ఉపవిభాగంలో ప్రజా ప్రయోజనం మాట ఇంకా ఉంది. పథకాల లబ్ధిదారుల జాబితాలు అడిగేవారు దరఖాస్తులో దాన్ని రాయడం మంచిది.

ఏది ఎప్పటి నుంచి

2025 నవంబరు: డేటా రక్షణ బోర్డు ఏర్పాటు నిబంధనలు, సమాచార హక్కు చట్టం సవరణ అమల్లోకి వచ్చాయి.

2026 నవంబరు: మన తరఫున సమ్మతులు చూసుకునే 'కన్సెంట్ మేనేజర్' సంస్థల నమోదు నిబంధనలు.

2027 మే: నియమాల్లో పెట్టిన 18 నెలల గడువు ప్రకారం నోటీసు, సమ్మతి, భాష, దిద్దుబాటు హక్కులు, జరిమానాలు. అంతకుముందు ఇచ్చిన సమ్మతులకు కూడా సంస్థలు వీలైనంత త్వరగా నోటీసు పంపాలి.

మనం చేయవలసింది

ఇప్పటి నుంచే ఓటీపీ చెప్పే ముందు "ఇది దేనికి?" అని అడగడం అలవాటు చేసుకోవాలి. యాప్‌లో భాష మార్చే చోటు ఉందేమో పిల్లల చేత చూపించుకోవాలి. ఆధార్ నకలు ఇవ్వాల్సి వస్తే, వీలైన చోట నంబరులో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి.

హక్కులు అమల్లోకి వచ్చాక ఫిర్యాదు ముందుగా ఆ సంస్థకే ఇవ్వాలి. వారు 90 రోజుల లోపు తేల్చాలి. తేలకపోతే బోర్డుకు వెళ్ళాలి. అందువల్ల సంస్థకు రాసిన ఉత్తరం, మెసేజ్, తేదీ దాచుకోవాలి. అబద్ధపు ఫిర్యాదు చేస్తే మనకే 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

డబ్బు పోయిన మోసాలకు ఈ చట్టం కోసం ఎదురుచూడకూడదు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

తెలుగులో నోటీసు ఇవ్వమని చట్టం చెప్పినా, అడిగేవారు లేకపోతే ఒడిశాలో ఏ సంస్థకూ ఆ అవసరం కనిపించదు. ఇంటికి ఒకరు అడిగినా అవసరం ఉందని వారికి తెలుస్తుంది.