పునాది దగ్గరే ఆగిన ఇల్లు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో గాలి. తెల్లారేసరికి ఆ తీరప్రాంతమైన ఉద్దానంలో తలెత్తుకు నిలబడ్డ కొబ్బరి చెట్టు కోసం వెతుక్కోవలసి వచ్చింది. తాతల నాటి జీడిమామిడి చెట్లు వేళ్లతో సహా పెళ్లగిలి అడ్డంగా పడ్డాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్, సరిగ్గా ఏడాదికి హుద్‌హుద్, ఇప్పుడు తిత్లీ. సోంపేట, కవిటి, మందస వైపు దసరా నెల వస్తోందంటే జనం ముందు సముద్రం వైపు చూస్తారు.

చెట్లు పోయినవాళ్ల సంగతి పేపర్లలో వచ్చింది. చెట్టుకు ఇంతని లెక్క కట్టారు, ఆ లెక్క మీద తగువులు పడ్డారు, ఎంతో కొంత ఇచ్చారు. నేను చెప్పేది చెట్టూ లేని, పొలమూ లేని మనుషుల గురించి. కాశీబుగ్గలో జీడిపప్పు కార్ఖానాల్లో పిక్కలు కొట్టి, పొట్టు వలిచి బతికేవాళ్లు. వేటకు గుజరాత్ దాకా వలస పోయే మత్స్యకారులు. పరుల తోటలో కాపలా ఉండి, ఆ తోటలోనే తాటాకు పాకలో కాపురం చేసేవాళ్లు. తోటతో పాటే పాకా పోయింది. పాకకు పట్టా లేదు, ఇంటి నంబరు లేదు. నష్టం రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగికి చూపించడానికి నాలుగు గుంజలు పాతిన గుంతలు తప్ప ఏమీ లేవు.

అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పలాసలోనే మకాం వేశారు. అధికార యంత్రాంగమంతా ఆ వారం ఇక్కడే ఉంది. ఇళ్లు పోయినవాళ్లకు పక్కా ఇళ్లు కట్టిస్తామన్నారు. ఆ మాట అబద్ధమని నేను అనుకోను. ఆ రోజుల్లో ఆ మాటకు బలం ఉంది. కాని దానికి గడువు మాత్రం చాలా తక్కువ. 2019 మార్చి 10న ఎన్నికల షెడ్యూలు వచ్చింది, కోడ్ అమల్లోకి వచ్చింది. పోలింగు ఏప్రిల్ 11న. తుపాను తీరం దాటిన రోజుకు సరిగ్గా ఆరు నెలలు. మే 30న కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది. అప్పటికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు కొందరు, మంజూరు కాగితం అందుకున్నవాళ్లు కొందరు, అప్పు చేసి పునాది తీసేసినవాళ్లు కొందరు. ఎక్కువ నష్టపోయింది ఈ చివరివాళ్లే.

ఇంటి డబ్బు ఎలా వస్తుందో తెలిస్తే గాని ఇది అర్థం కాదు. సర్కారు సొమ్ము ముందు చేతికి రాదు. పునాది కట్టాక ఒక బిల్లు, గోడలు పైకప్పు ఎత్తుకు లేచాక ఇంకొకటి, స్లాబు పడ్డాక మరొకటి, అంతా పూర్తయ్యాక ఆఖరిది. ప్రతి మెట్టు దగ్గరా వర్క్ ఇన్‌స్పెక్టరు వచ్చి, లబ్ధిదారును ఇంటి ముందు నిలబెట్టి ఫోటో తీసి, జియో ట్యాగింగ్ చేయాలి. ఆ ఫోటో పైకి వెళ్లాలి. ఢిల్లీలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం రాష్ట్రానికి ఇచ్చేది కూడా 40 శాతం, 40 శాతం, 20 శాతంగా మూడు విడతల్లోనే. మొదటి విడత ఖర్చయినట్టు వినియోగ పత్రం పంపితేనే రెండోది కదులుతుంది. లబ్ధిదారు దాకా వచ్చేసరికి పని అయ్యాకే డబ్బు. ముందు చేతి డబ్బు పెట్టాల్సింది ఒక్కరే, ఇల్లు లేని మనిషి. ఇల్లు లేనివాడి దగ్గర పునాదికి డబ్బు ఎలా ఉంటుందని ఈ నిబంధన రాసిన గదిలో ఎవరో ఒకరు అడిగి ఉండాల్సింది.

డబ్బు వడ్డీకి తెస్తారు. ఉద్దానంలో ఆ వడ్డీ పక్కనే ఇంకో ఖర్చు కూర్చుని ఉంటుంది. ఈ ప్రాంతాన్ని పీడించే కిడ్నీ జబ్బు ఇంట్లో ఒకరిని పట్టుకుందంటే, డయాలసిస్‌కు పోయి రావడానికి బండి కిరాయి, మందులు, తోడు వెళ్లినవాళ్ల పోయిన కూలి. "పునాది కట్టీసినాం బాబూ, బిల్లు పడతాదంతన్నారు" అనే మాట ఈ ఊళ్లలో ఎన్ని నోళ్ల వెంట విన్నానో. ప్రభుత్వం మారాక పాత ప్రభుత్వ పథకమైన ఎన్టీఆర్ గృహాల బిల్లులు ఆగిపోయాయి. పాత పథకం పేరు మీద డబ్బు రాదు, కొత్త పథకంలో పేరు లేదు. పునాది మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. పక్కనే రేకుల చూరు దించుకుని కాపురం.

పట్టణాల్లో పేదలకు ఇంకో దారి చూపించారు, టిడ్కో. సొంత జాగా లేనివాళ్లకు అపార్టుమెంట్లు. 300, 365, 430 చదరపు అడుగులు, మూడు రకాలు. కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్షన్నర, మిగతాది లబ్ధిదారు వాటా, బ్యాంకు రుణం. పలాస-కాశీబుగ్గ పురపాలికలోనూ ఈ ఇళ్ల కోసం క్యూ కట్టి డీడీలు తీశారు. రాష్ట్రమంతటా లెక్క ఎలా తరిగిందో చూడండి. మొదట చెప్పింది 5 లక్షల పైచిలుకు. పని మొదలైనవి 3,13,832. ప్రభుత్వం మారాక వాటిలో 51,616 రద్దు చేసి 2,62,216కు కుదించారు. 300 అడుగుల ఇళ్లు 1,43,600 ఒక్క రూపాయికే ఇస్తామన్నారు. పెద్ద ఇళ్లకు లబ్ధిదారు వాటా సగం చేశారు. అది మేలే, కాదనను. కాని ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు రుణం మొదలైపోయింది. మారటోరియం గడువు తీరింది. అద్దె ఇంట్లో ఉంటూ, చూడని ఇంటికి వాయిదాలు కట్టమని బ్యాంకు నోటీసు అందుకున్న కుటుంబాలు రాష్ట్రంలో ఎన్నో. కట్టిన బ్లాకుల చుట్టూ తుప్పలు పెరిగాయి. కరెంటు, నీళ్లు, కాలువ లేక తలుపులు వేసే ఉండిపోయాయి.

2020 డిసెంబరు 25న 'పేదలందరికీ ఇళ్లు' మొదలైంది. 30 లక్షలకు పైగా పట్టాలు, అన్నీ ఆడవాళ్ల పేరు మీద. ఇది నిజంగా పెద్ద పని. జీవితంలో మొదటిసారి తన పేరున్న భూమి కాగితం పట్టుకున్న ఆడమనిషి ముఖం చూసినవారెవరూ దీన్ని తేలిక చేయలేరు. గ్రామంలో సెంటున్నర, పట్టణంలో సెంటు. సెంటంటే 48.4 చదరపు గజాలు. ఇంటికి ఇచ్చింది 1.80 లక్షలు. దానికి మించినది పొదుపు సంఘం ద్వారా 35 వేల అప్పు. చాలాచోట్ల ఇచ్చిన జాగాలు పల్లం భూములు. మెరక చేయకుండా పునాది తవ్వలేరు.

ఆ 1.80 లక్షలలో కేంద్రం వాటా లక్షన్నర. గ్రామీణ ఆవాస్ యోజనలో అయితే కేంద్రం ఇచ్చేది 72 వేలే. అందుకే ఊళ్లను పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలో కలిపి, పల్లెటూరి ఇంటిని పట్టణ ఇల్లుగా రాసి డబ్బు తెచ్చారు. రెండు ప్రభుత్వాలూ ఈ దారే నడిచాయి. తప్పు పట్టలేను, పేదవాడికి రెట్టింపు వచ్చే దారి అది. కాని దానితో పాటు పట్టణ పథకం గడువు కూడా పల్లె మెడకు చుట్టుకుంది. 2022 మార్చి 31కి ముగియాల్సిన ఆ పథకాన్ని 2024 డిసెంబరు దాకా పొడిగించారు. ఈలోగా కరోనా. 2021 అక్టోబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం సెంటు జాగా మనిషి బతకడానికి చాలదని నిర్మాణాలు ఆపమంది. తర్వాత డివిజన్ బెంచి ఆ తీర్పును పక్కన పెట్టింది. సెంటు చాలదన్న మాటలో న్యాయం ఉంది. కాని ఆ మాటను పాలకులు, ప్రతిపక్షాలు పంచుకుని వాదించుకున్నంతసేపూ సిమెంటు ధర పెరుగుతూనే పోయింది.

2024 జూన్‌లో మళ్లీ ప్రభుత్వం మారింది. ఈసారి పాత ఇళ్లను పూర్తిగా వదిలేయలేదు. సగంలో ఆగినవాటికి 2025లో ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించారు. కొత్తగా గ్రామంలో మూడు సెంట్లు, పట్టణంలో రెండు ఇస్తామన్నారు. కేంద్రం కూడా 2024 సెప్టెంబరులో ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత తెచ్చింది. ఇంటికి రెండున్నర లక్షల దాకా సాయం. తిత్లీకి పాక పోగొట్టుకున్నవాళ్లు ఆధార్, రేషను కార్డు, ఆదాయ ధ్రువపత్రం సంచిలో పెట్టుకుని మళ్లీ సచివాలయం మెట్లెక్కారు.

ఆ రెండో విడతలో ఒక నిబంధన ఉంది. గడిచిన 20 ఏళ్లలో ప్రభుత్వ గృహ పథకం దేనిలోనైనా లబ్ధి పొందినవారికి అర్హత లేదు. రెండిళ్లు కొట్టేసేవాళ్లను ఆపడానికి పెట్టిన నిబంధన, అందుకు సరైనదే. అయితే గృహ నిర్మాణ సంస్థ రికార్డుల్లో ఇందిరమ్మ ఇళ్ల రోజుల నుంచీ ప్రతి మంజూరూ ఉంది. 2008లో పునాది బిల్లు ఒక్కటే పడి ఆగిపోయిన ఇల్లు కూడా ఆ రికార్డులో ఇల్లే. ఆధార్ నంబరు కొట్టగానే కంప్యూటరు ముందున్న కుర్రాడికి కనిపించేది పేరు, మంజూరైన సంవత్సరం, లబ్ధిదారు అన్న మాట. గోడలు లేచాయా లేదా అన్నది ఆ తెర మీద తేలదు. ఆ లెక్కన ఆ ఇల్లు మంజూరైన మహిళ మళ్లీ అర్హురాలు కావడానికి 2028 దాకా ఆగాలి. అక్కడికక్కడే పునాదిని చూసి, ఇది ఇల్లు కాదని రాసే అధికారం మండల స్థాయిలో ఒక ఇంజనీరుకు ఇస్తే ఈ పని వారం రోజుల్లో తేలుతుంది.