సింహపురి కోటగోడ: 14వ శతాబ్దపు సింగపూర్ యుద్ధ చరిత్ర

సింగపూర్ చరిత్ర 1819లో రాఫుల్స్ దొర ఓడ దిగడంతోనే మొదలైందని మనలో చాలామంది అనుకుంటాం. అంతకు ముందు ఇక్కడ నాలుగు గుడిసెల జాలరిపల్లె తప్ప మరేమీ లేదని వింటుంటాం. కానీ రాఫుల్స్‌కు దాదాపు 500 ఏళ్ళ ముందే ఇక్కడ రాజు, కోటగోడ, కందకం ఉన్న రేవు పట్నం ఉండేది. అది ఒక ముట్టడిని తట్టుకుని నిలిచింది. తర్వాత అదే శతాబ్దం చివరలో పాలకుడిని పోగొట్టుకుంది. ఆ కథను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

పేరు, పుట్టుక

ఈ రేవు పాత పేరు తెమాసెక్. మలయ్ పురాణగాథ ప్రకారం పాలెంబాంగ్ నుండి వచ్చిన సంగ్ నీల ఉత్తమ అనే రాజకుమారుడు 1299లో దీనికి సింగపుర, అంటే సింహపురం, అని పేరు పెట్టాడు. నెల్లూరును విక్రమసింహపురి అని పిలుచుకున్న మనకు ఈ పేరు కొత్తేమీ కాదు.

ఈ సముద్రంలో అంతకు ముందు శ్రీవిజయ రాజ్యానిదే పెత్తనం. 1025లో రాజేంద్ర చోళుడి నౌకాదళం ఆ రాజ్యపు రేవులపై దాడి చేసింది. నన్నయ భట్టారకుడిని ఆదరించిన రాజరాజనరేంద్రుడు ఈ రాజేంద్రుడికి స్వయానా అల్లుడు. తర్వాతి శతాబ్దాల్లో శ్రీవిజయ పట్టు సడలిపోయింది. తెమాసెక్ వంటి చిన్న రేవులు తలెత్తడానికి అలా చోటు దొరికింది. అయితే వాటిని కాపాడే పెద్ద దిక్కు కూడా లేకుండా పోయింది. ఉత్తరాన సయాం, దక్షిణాన జావాలోని మజాపహిత్ సామ్రాజ్యం రెండూ ఈ జలసంధి తమదేనన్నాయి. 1365 నాటి జావా కావ్యం 'నాగరకృతాగమ' తుమాసిక్‌ను మజాపహిత్ సామంత దేశాల జాబితాలో చేర్చింది.

నెల రోజుల ముట్టడి

వాంగ్ దయువాన్ అనే చైనా యాత్రికుడు 1349 ప్రాంతంలో పూర్తి చేసిన గ్రంథంలో తెమాసెక్ గురించి రాశాడు. సయాం వాళ్ళు 70కి పైగా ఓడలతో వచ్చి ఊరిని ముట్టడించారు. ఊరివాళ్ళు కోట తలుపులు మూసుకుని నెల రోజులు నిలబడ్డారు. చివరికి ఒక రాజదూత ఓడ అటుగా రావడంతో సయాం సేన వెనక్కి తగ్గింది. ఊరు దక్కింది.

అదే గ్రంథం ఊరికి మరో ముఖాన్ని కూడా చూపిస్తుంది. నేటి లాబ్రడార్ పార్కు దగ్గరి ఇరుకు దారిని ఆనాడు 'డ్రాగన్ కోర ద్వారం' అనేవారు. పడమటికి పోయే ఓడలను అక్కడివాళ్ళు ముట్టుకునేవారు కాదు. సరుకు నింపుకుని తిరిగి వచ్చేటప్పుడు మాత్రం రెండు మూడు వందల పడవలతో చుట్టుముట్టేవారు. నావికులు ముందుగానే బాణాలకు అడ్డుతెరలు కట్టుకుని సిద్ధంగా ఉండేవారట. దీనికి 100 ఏళ్ళ ముందు, 1244లో, మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించాడు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే పద్ధతిని అందులో రద్దు చేశాడు. ఇక్కడ తెమాసెక్ దగ్గర ఓడవాళ్ళకు తమ అడ్డుతెరలే దిక్కు.

ఒక వైపే గోడ

1822లో సయాంకు రాయబారిగా వెళుతూ ఇక్కడ ఆగిన జాన్ క్రాఫర్డ్ ఆ పాత గోడను నడిచి చూశాడు. అడుగున సుమారు 16 అడుగుల వెడల్పు, ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తు. సముద్రతీరం నుండి కొండ అడుగు వరకు దాదాపు మైలు పొడవు. దాని వెంట ఒక వాగు కందకంలా పారేది. ఆ కొండే నేటి ఫోర్ట్ కానింగ్. ఆ వాగులోనే తర్వాత మన దేశపు చాకళ్ళు బట్టలు ఉతికారు. దోబీ ఘాట్ పేరు అలా వచ్చింది. నేడు ఆ నీరు స్టాంఫర్డ్ కాలువగా మారి రోడ్డు కింద నుండి పోతోంది.

క్రాఫర్డ్‌ను ఆశ్చర్యపరిచిన విషయం వేరే ఉంది. సముద్రం వైపు గానీ, నది వైపు గానీ ఏ కోట ఆనవాలూ అతనికి కనబడలేదు. నీటి మీద తమ బలగం చాలునన్న ధీమా వారిదని అతను ఊహించాడు. ఆ బలగం పడవల్లోనే బతికే ఒరాంగ్ లావుత్, అంటే సముద్ర జనులు. వాళ్ళే ఊరికి సముద్రం వైపు గోడ.

పతనం

ఊరు ఎలా పడిపోయిందో రెండు కథనాలున్నాయి. 'సెజారా మెలాయు' అనే మలయ్ రాజుల చరిత్ర ప్రకారం రాజు ఒక అబద్ధపు నింద నమ్మి, భండారి కూతురిని నడిబజారులో ఘోరంగా శిక్షించాడు. కడుపు మండిన ఆ తండ్రి మజాపహిత్‌కు కబురు పంపి, తానే కోట తలుపు తీశాడు. రాజు మువార్‌కు, అక్కడి నుండి మలక్కాకు పారిపోయాడు.

16వ శతాబ్దపు పోర్చుగీసు రచయిత టోమే పిరెస్ కథనం ఇంకోలా ఉంది. పాలెంబాంగ్ నుండి వచ్చిన పరమేశ్వర ఇక్కడి పాలకుడిని చంపి ఐదేళ్ళు ఏలాడు. సయాం పక్షం తరిమితే వెళ్ళిపోయాడు. సముద్ర జనులు అతని వెంట నడిచారు. 1400 ప్రాంతంలో లేచిన మలక్కాకు వాళ్ళే అండ అయ్యారు.

రెండు కథల్లోనూ ఒకటే మాట వినిపిస్తుంది. గోడను బయటివాడు బద్దలుకొట్టలేదు. ఒక కథలో లోపలి మనిషి తలుపు తీశాడు. మరో కథలో కాపలా కాయవలసినవారే కొత్త ప్రభువు వెంట వెళ్ళారు.

నేటి ఆనవాళ్ళు

1984లో జాన్ మిక్సిక్ ఫోర్ట్ కానింగ్‌పై జరిపిన తవ్వకాల్లో చైనా పింగాణీ, గాజు పూసలు దొరికి, 14వ శతాబ్దపు పట్నం కట్టుకథ కాదని తేలింది. గోడ మాత్రం ఊరు పెరిగే కొద్దీ కరిగిపోయింది. నది ముఖద్వారం దగ్గరి శిలాశాసనాన్ని 1843లో పేల్చివేశారు. నేషనల్ మ్యూజియం సేకరణలో ఉన్న దాని ముక్కను ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు.

1942 ఫిబ్రవరి 15న బ్రిటిష్ సేనాధిపతులు జపాన్‌కు లొంగిపోవాలని నిర్ణయించింది కూడా ఈ కొండ కిందనున్న నేలమాళిగలోనే. ఈసారి శత్రువు ఉత్తరపు నేల దారిన వచ్చాడు. ఈసారి ఆదివారం పిల్లలతో ఫోర్ట్ కానింగ్ ఎక్కినప్పుడు స్టాంఫర్డ్ రోడ్డు వైపు ఒకసారి చూడండి. నెల రోజులు తలుపు తెరవని ఊరు అక్కడే ఉండేది.