చిరివేరు ఎరుపు: పాత బందరు చీటిగుడ్డల వెల

పాత వస్తువుకు వెల కట్టేవారు దాని వన్నెను చూస్తారు, అలాంటివి ఇంకెన్ని మిగిలాయో ఆరా తీస్తారు. కృష్ణా డెల్టా దిగువన మచిలీపట్నం, అంటే బందరు, పరిసరాల్లో పదిహేడో శతాబ్దంలో తయారైన చీటిగుడ్డల విషయంలో, అంటే కలంతోనో అచ్చుతోనో బొమ్మలు దిద్ది రంగు వేసిన నూలుబట్టల విషయంలో, ఈ రెండు కొలతలూ కాలంతోపాటు మారుతూ వచ్చాయి. బట్ట కొత్తగా ఉన్నప్పుడు దాని గొప్పతనం ఎన్ని ఉతుకులకైనా వదలని ఎరుపులో ఉండేది. మూడు వందల ఏళ్లు గడిచాక అదే బట్టను చేతిలోకి తీసుకున్నవారు నిలవడం కష్టమైన పసుపూ నలుపూ ఎంతవరకు నిలిచాయో చూస్తున్నారు.

ఆ ఎరుపు చిరివేరుది. ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా అని వృక్షశాస్త్రజ్ఞులు పిలిచే ఈ చిన్న మొక్క సముద్రతీరపు ఇసుకనేలల్లో పెరుగుతుంది. విలియం రాక్స్‌బర్గ్ 1795లో వెలువడసాగిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో తొలి సంపుటంలోనే దీనికి చిత్రంతో సహా చోటిచ్చాడు. వేరులో అలిజరిన్ అనే రంగు పదార్థం ఉంటుంది గాని అది తనంతట తానుగా నూలును పట్టుకోదు. కరక్కాయ రసంలోనూ గేదె పాలలోనూ నానబెట్టి ఆరబెట్టిన బట్టమీద పటిక నీళ్లతో గీసిన చోట ఆ వేరు రసం ఎర్రగా అంటుకుంటుంది. ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో రోజుల తరబడి ఊరవేసి తీసిన కసిమితో గీసిన చోట నలుపు తేలుతుంది. రెండూ కలిపి గీస్తే ఊదా వస్తుంది. రంగుకూ నూలుకూ నడుమ ముడి వేసే ఇలాంటి పదార్థాన్ని రంగుబంధకం అంటారు. ఎరుపు ఎక్కడ రావాలో ముందే నిర్ణయించుకుని కంటికి దాదాపు కనిపించని పటిక నీళ్లతో బొమ్మ గీయడం ఈ పనిలోని అసలు నేర్పు. బట్టను చిరివేరుతో కాచిన తర్వాతగాని గీసినవాడికి తన చేతి తప్పొప్పులు తెలిసేవి కావు.

వేరు ఎక్కడిదన్నదీ వెలలో భాగమే. వెనిస్ నగల వర్తకుడు గాస్పరో బాల్బీ 1580లనాటి తన ప్రయాణాలలో పెటపోలి నుంచి, అంటే నేటి నిజాంపట్నం వైపు నుంచి, వచ్చే వేరును ప్రస్తావించాడు. స్కాట్లాండు నావికుడు అలెగ్జాండర్ హామిల్టన్ 1727లో అచ్చయిన తన గ్రంథంలో మచిలీపట్నం చేరువనున్న దివి ద్వీపాలు ఈ రంగుకు ప్రసిద్ధమనీ, పోటు నీళ్లు ముంచే నేలల్లో ఆ మొక్క పెరుగుతుందనీ రాశాడు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రాన్ని చేరేచోట ఆ పాయల నడుమనున్న నేలే నేటి దివిసీమ. గవ్వలూ ఆల్చిప్పలూ చితికి కలిసిన తీరపు ఇసుకలో సున్నం పాలు ఎక్కువనీ, ఈ తీరపు ఎరుపుకు అంతటి కాంతి రావడానికి అదొక కారణమనీ రంగుల చరిత్రకారులు వివరిస్తారు. 1605-06లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో కోఠీలు తెరిచినప్పుడు వారిని ఇక్కడికి రప్పించిన సరుకుల్లో ఈ ఎర్రని బట్ట ముఖ్యమైనది.

అరుదుతనం అప్పటికే ఉంది. ఫ్రెంచి వర్తకుడు తవేర్నియే 1676లో ప్రచురించిన యాత్రావర్ణనలో, కలంతో దిద్దే బట్టలు గోల్కొండ రాజ్యంలో ముఖ్యంగా మచిలీపట్నం చుట్టూ తయారవుతాయనీ, ఆ పని తెలిసిన వారందరిచేతా చేయించినా మూడు మూటలు తీయడం కష్టమనీ చెప్పాడు. ఆయన మాటలో కొంత అతిశయం ఉండవచ్చు. అయినా ఒక్కో బట్ట నానడం, ఆరడం, గీయడం, కాగడం, పారే నీటిలో ఉతకడం అనే దశలను మళ్లీ మళ్లీ దాటవలసి ఉన్నప్పుడు చేతిపని ఎంత నెమ్మదిగా సాగేదో ఊహించవచ్చు. అచ్చుతో అద్దిన బట్ట త్వరగా తయారయ్యేది, చవకగా దొరికేది. కలం బట్ట మాత్రం దర్బారుల సొత్తు. మొగలు దర్బారులో ఉత్సవాలను కళ్లారా చూసిన ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే, మచిలీపట్నం చీటిగుడ్డలు లోపలివైపు కట్టిన గుడారాలు నిజమైన పూదోటలను తలపించాయని మెచ్చుకున్నాడు.

ఏ నేలమీద బొమ్మ ఉండాలన్న దానిపై కొనేవారి అభిరుచులు వేర్వేరు. ఇక్కడ నేల అంటే పువ్వులకూ తీగలకూ వెనుక పరుచుకున్న రంగు. లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ పెద్దలు 1643లో సూరత్ కోఠీకి రాస్తూ, వచ్చిన పరుపుబట్టల్లో ఎక్కువ భాగం ముదురు ఎరుపు నేలవే కావడం వల్ల అందరికీ నచ్చలేదనీ, ఇకమీదట తెల్లనేల ఎక్కువగా ఉండి పువ్వులూ కొమ్మలూ మధ్యలో రంగుల్లో రావాలనీ కోరారు. ఉత్తరం సూరత్‌కే అయినా ఆ అభిరుచి తూర్పుతీరపు పనినీ మార్చింది. తర్వాతి కాలంలో యూరప్ కోసం చేసిన బట్టల్లో తెల్లనేలమీద పూలచెట్టు ప్రధానమైంది. తూర్పు దీవుల్లో మాత్రం ఎర్రనేలకే గిరాకీ. జపానులో ఈ బట్టను సరసా అన్నారు; అది దొరకడమే అరుదు కాబట్టి చిన్నచిన్న ముక్కలుగా కోసి తేనీటి వేడుక సామగ్రికి సంచులుగా కుట్టుకున్నారు, ముక్కలను పుస్తకాల్లో అతికించి దాచుకున్నారు. హికోనే ప్రభువుల ఇంట దాచిన దాదాపు 450 ముక్కలు నేడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. అంగుళాల లెక్కన దాచుకున్న బట్టకు అక్కడున్నంత గౌరవం అది పుట్టిన ఊళ్లో ఎన్నడూ లేదన్నది బాధ కలిగించే నిజం.

ఇలాంటి పాత బట్టనొకదాన్ని దగ్గరగా చూస్తే పువ్వులు ఎర్రగా నిలిచి ఉంటాయి గాని ఆకులు చాలాచోట్ల నీలంగా కనబడతాయి. గీసినవాడు ఆకులను ఆకుపచ్చగానే వేశాడు. బట్టమీద నీలం అక్కరలేని భాగాలన్నిటికీ మైనం పూసి, నీలిమందు తొట్టిలో ముంచి, మైనం కరగదీసి, ఆ నీలంమీద పసుపు రంగు రాస్తే ఆకుపచ్చ వచ్చేది. నీలిమందు శతాబ్దాలు నిలుస్తుంది. పైన పూసిన పసుపు వెలుగుకూ ఉతుకుకూ వెలిసిపోతుంది. అందుచేత ఆకు ఇంకా పచ్చగా ఉన్న బట్ట ఎప్పుడూ ఎండ చూడలేదనీ, పెట్టెలోనే తరాలు గడిపిందనీ అర్థమవుతుంది. నలుపుది వేరే బాధ. కసిమిలోని ఇనుము కాలక్రమాన నూలును తినేస్తుంది. పువ్వు చుట్టూ గీసిన నల్లని గీత ఉన్నచోట సన్నని చిరుగు మిగులుతుంది. గీత చెక్కుచెదరక, ఆకు పచ్చదనం పోక, నేల మరకలు పడక ఉన్న నిండు బట్ట దొరకడం దుర్లభం. అందుకే ఒకే కాలపు రెండు బట్టల నడుమ వెలలో అంత తేడా వస్తుంది.

గోల్కొండ కాలపు మేలిరకం బట్టలు చాలావరకు రాజస్థాన్‌లోని ఆంబేరు కోట తోషఖానాలో, అంటే రాజుల బట్టల భాండాగారంలో, దాగి ఉండడం వల్లే బతికాయి. కొన్నిటి వెనుక ఆనాటి జాబితా ముద్రలు నేటికీ కనబడతాయి. పదిహేడో శతాబ్దపు తొలి సగంలో తయారై, దేశదేశాల మనుషుల బొమ్మలతో నిండిన ఏడు పలకల తెర 1914లో అమెరికాలోని బ్రూక్లిన్ మ్యూజియం చేరింది. ఇండొనేసియాలోని సులవేసి కొండల్లో తొరాజా ప్రజలు భారతీయ బట్టలను పూజనీయమైన వారసత్వంగా కాపాడుకున్నారు. నిత్యం కట్టి, ఉతికి, చింపి, ఒత్తులుగా వాడుకున్న చోట ఏదీ మిగలదు. బందరు చుట్టుపక్కల ఇళ్లలో ఇవి కానరాకపోవడానికి ప్రధాన కారణం అదే.

తయారీ తగ్గడానికి కారణాలు వేరు. ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా ఈ బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700లోనూ 1720లోనూ చట్టాలు చేసి 1774లో గాని సడలించలేదు. నిషేధం ఉన్నన్నాళ్లూ దొంగచాటు గిరాకీ ఏమీ తగ్గలేదు గాని, ఆ నీడలోనే యూరప్ తన అద్దకపు మిల్లులను పెంచుకుంది. తర్వాత ఇరాన్ మార్కెట్టు బందరు అద్దకాన్ని చాలాకాలం నిలబెట్టింది. ఆ గిరాకీకి తగ్గట్టు చెక్క అచ్చుల వాడకం పెరిగి కలం పని పక్కకు జరిగింది. 1864 నవంబరు 1నాటి తుపాను ఉప్పెనలో మచిలీపట్నంలోనూ చుట్టుపక్కలా దాదాపు 30,000 మంది పోయారు. ఆ దెబ్బనుంచి ఊరు తేరుకోకముందే 1869లో ప్రయోగశాలలో చేసిన అలిజరిన్ అమ్మకానికి సిద్ధమైంది. దివి ఇసుకలో తవ్వి, ఎండబెట్టి, దంచిన వేరుకు ఉన్న వెల దానితో పడిపోయింది.

ఆ మార్పే నేడు పాత బట్టల కాలనిర్ణయానికి ఆధారమైంది. సహజమైన వేరులో అలిజరిన్ ఒంటరిగా ఉండదు, ఏ వేరుకు తగిన తోడు పదార్థాలు ఆ వేరులో ఉంటాయి; ఎరుపునిచ్చే మరో వేరైన మంజిష్ఠలో కనబడే పర్‌ప్యూరిన్ అనే పదార్థం చిరివేరులో లేదు. నూలుపోగంత నమూనాతో పరీక్షించి ఒక ఎరుపు చిరివేరుదా, మంజిష్ఠదా, కార్ఖానాదా అని చెప్పే వీలుంది. కార్ఖానా ఎరుపు తేలితే ఆ బట్ట 1869కి ముందుది కాజాలదు, దాని వెలా ఆ మేరకు తగ్గుతుంది. గుడివాడ–మచిలీపట్నం రైలు దారిలోని పెడనలో నేడు టేకు అచ్చులతో సాగుతున్న కలంకారీ అద్దకం భౌగోళిక గుర్తింపు పొందింది; పటికా, కరక్కాయా, కసిమీ అక్కడ ఇంకా వాడుకలోనే ఉన్నాయి గాని, ఎరుపు మాత్రం చాలావరకు మంజిష్ఠదో కార్ఖానా అలిజరిన్‌దో.